స్రుక్కు, స్రువము, కొమ్ముగరిటె

అమరకోశమున బ్రహ్మవర్గమును పాఠము చెప్పు పండితులకెల్ల నొక చిక్కు తప్పదు. అచ్చట ధ్రువ, ఉపభృత్తు, జుహువు, స్రువము అను నాలుగు పేర్లు వరుసగా వచ్చును. ఇవి స్రుక్కుయొక్క భేదములని చెప్పి కోశకారుడు ముందునకు సాగిపోవును. బాలురకై వ్రాసిన అర్థములను చూతుమా, అన్నిటికిని 'హోమసాధనము' అను నొక్కమాటయే తఱుచుగా కానబడును. నాలుగింటికిని అర్థమొక్కటియే యైనచో పేర్లు నాలుగేల?

మార్టూరిలో నాయొద్ద చదువుకొను బాలుడొకడు కొన్ని యేండ్లక్రిందట నన్నీప్రశ్నయే యడిగెను. చూపుటకు నాయొద్ద వస్తువు లేదు. ఊర ఆహితాగ్నులు లేరు. గోడమీది పటమున బ్రహ్మదేవుని చేతనున్న గరిటెను చూపి, 'ఇట్టిది' అని యప్పటికి తప్పించుకొంటిని. బాలుడూరకుండెను గాని నామనస్సూరకుండలేదు. ధాతువును చెప్పగలిగితిని, ప్రత్యయమును చెప్పగలిగితిని, వస్తువును మాత్రము చూపలేకపోతిని. శబ్దమునకు అర్థముతోడి సంబంధము నిత్యమని చదువుకొన్న వైయాకరణునకు ఇంతకన్న సిగ్గు వేఱుగా నుండదు.

పిమ్మట ఈవిషయమును విచారించుచుండగా, ఉత్తర అమెరికాఖండపు పశ్చిమతీరమున నుండు ఆదిమజాతులు విందులలో వాడు కొమ్ముగరిటెల వృత్తాంతము నాకు తారసిల్లినది. మనకథకు అదియొక అద్దమువంటిది. ఇచ్చట పేర్లు నిలిచి గరిటెలు మఱుగుపడినవి. అచ్చట గరిటెలు నిలిచి, వానిని వాడు కర్మము అఱువదియాఱేండ్లు శాసనముచేత నిషిద్ధమై యుండెను. ఈరెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఉపకరణమునకు దానిపేరు ఎప్పుడు వచ్చును, ఎంతవఱకు నిలుచును అను ప్రశ్నకు సమాధానము దొరకునని నాకు తోచినది.

పదస్వరూపము

స్రుక్, స్రువ అను రెండును గత్యర్థకమైన 'స్రు' ధాతువునుండి పుట్టినవి. ద్రవము దేనినుండి జాఱునో అది స్రుక్కు, అది స్రువము. ఇవి ద్రవముయొక్క నడకనుబట్టి వచ్చిన పేర్లు. తక్కిన మూడును పనినిబట్టి వచ్చినవి. ధారణపోషణార్థకమైన 'భృ' ధాతువునకు 'ఉప' అను నుపసర్గము చేరగా ఉపభృత్తు, అనగా దగ్గఱ నిలిచి భరించునది. స్థైర్యార్థముచే ధ్రువ, అనగా కదలక యుండునది.

జుహువు విషయము విశేషింపదగినది. 'హు' ధాతువునకు ద్విత్వమును, తుదిని దీర్ఘమును రావలెను. వార్తికకారుడు దీనికై ప్రత్యేకముగా మాట చెప్పవలసివచ్చెను. దేనిచేత హోమము చేయబడునో అది జుహువని కరణార్థమున వ్యుత్పత్తి. ధాతుపాఠమున 'హు' ధాతువునకు దానము, అదనము అని రెండర్థములు పఠింపబడినవి: ఇచ్చుట, తినుట. ఇచ్చువానికి ఇచ్చుటగాను పుచ్చుకొనువానికి తినుటగాను ఉండు క్రియ యొక్కటియే యని ధాతువే చెప్పుచున్నది. గరిటెకన్న ఈయర్థద్వయమునకు తగిన వస్తువేది? వంటయింటి గరిటెయు నింతే. వడ్డించువానిచేత దానము, విస్తరియొద్ద అదనము. పాఠకులీ ధాత్వర్థమును జ్ఞప్తియందుంచుకొందురుగాక. కొమ్ముగరిటెలయొద్ద దీనితో మఱల పనియున్నది.

అమరుడు స్రువమును గూడ స్రుక్కుయొక్క భేదములలో చేర్చెను గాని, మొదటి మూటిని స్త్రీలింగములుగాను స్రువమును పుంలింగముగాను వేఱుచేసెను. శ్రౌతప్రయోగమున ఈలింగభేదమునకు పనియున్నది. పాత్రలను కాచి దర్భలతో తుడుచు సమయమున ముందుగా స్రువమును, పిదప స్రుక్కులను తుడుతురు. స్రువము పురుషుడు గాన ముందు, స్రుక్కులు స్త్రీలు గాన వెనుక అని శతపథబ్రాహ్మణమందు కారణము చెప్పబడియున్నది. శబ్దముయొక్క లింగము కర్మక్రమమునకు హేతువుగా చెప్పబడిన యిట్టి తావులు విద్యార్థులకు తప్పక చూపదగినవి.

ద్రవ్యము, ఆకారము

మన తెలుగుదేశమున తైత్తిరీయశాఖీయులును ఆపస్తంబసూత్రులును హెచ్చు గాన, వారి మతమునుబట్టి చెప్పెదను. జుహువు మోదుగకొయ్యతో చేయవలెను. ఉపభృత్తు రావికొయ్యతో, ధ్రువ వికంకతముతో, స్రువము చండ్రకొయ్యతో చేయవలెను. వికంకతమును మనవారు కానరేగని చెప్పుదురు. అమరుడు దానికి స్రువావృక్షమని యింకొకపేరు పెట్టెను. చెట్టునకు గరిటెనుబట్టి పేరు వచ్చినదనగా, ఆకాలమున ఆ గరిటె యెంత వాడుకలో నుండెనో ఊహింపవచ్చును.

స్రుక్కులు బాహుప్రమాణముగలవి, లేక అరత్నిప్రమాణముగలవి. అరత్ని యనగా ఇరువదినాలుగంగుళముల మూర. స్రుక్కునకు అఱచేతియంత గుంట, గుంటకు ముందు హంసముఖమువలె సన్నని జాఱుడుదారి, వెనుక పిడి. స్రువము మూరెడు పొడవు; దాని గుంట బొటనవ్రేలి కణుపంతయే. స్రువముతో తీసి స్రుక్కులో పోయుదురు. స్రుక్కుతో అగ్నియందు వేల్తురు. అనగా స్రువము చిన్నగరిటె, స్రుక్కు పెద్దగరిటె. బాలురకింత చెప్పినచో సగము సందేహము తీఱును.

ఇంకొక నియమము కలదు. పిడి చెట్టుమొదలివైపునను, నోరు కొనవైపునను ఉండవలెను; గుంటను బెరడువైపున తొలువవలెను. దీనిని నేను చిరకాలము అదృష్టార్థమైన నియమమనియే తలచితిని. మావూరి వడ్రంగికి దీనిని వినిపింపగా అతడేమియు ఆశ్చర్యపడలేదు. కొయ్య నడిబొడ్డు ఎండునపుడు పగులునని, గుంట దానికెంత దూరముననుండిన అంత మేలని, మొదలేదో కొనయేదో తెలియకుండ ఏకొయ్యమీదను ఉలి పెట్టరాదని అతడు చెప్పెను. సూత్రకారుని నియమమునకు దృష్టప్రయోజనమును చెప్పగలవాడు మాయూర నుండగా, నేను వ్యాఖ్యానములలో వెదకుచుంటిని.

జుహువు మోదుగదై యుండవలెనను మాట మీమాంసకులకు పెద్ద చర్చకు తావిచ్చినది. ఎవని జుహువు మోదుగదో వాడు చెడుమాట వినడని వేదమున ఫలము వినబడుచున్నది. ఆఫలమును కోరియే మోదుగను గ్రహింపవలెనా? జైమిని నాలుగవ అధ్యాయము మూడవపాదమున దీనిని తేల్చెను. ద్రవ్యము పరార్థము, అనగా క్రతువుకొఱకైనది, దానికి వేఱుగా ఫలము లేదు, ఫలశ్రుతి స్తుతిమాత్రము. ఒక గరిటె యేకొయ్యదను ప్రశ్ననుండి, ఉపకరణము తనకై తానుండదు, ప్రధానకర్మకొఱకే యుండును అను సిద్ధాంతము బయలుదేఱినది. ఈసిద్ధాంతమే ఈవ్యాసమునకును ఆధారము.

వినియోగము

దర్శపూర్ణమాసములలో ఆజ్యమును జుహువునందు నాలుగుమాఱులు, ఉపభృత్తునందెనిమిదిమాఱులు, ధ్రువయందు నాలుగుమాఱులు స్రువముతో గ్రహింతురు. అధ్వర్యుడు జుహువును పైనను, ఉపభృత్తును దానిక్రిందను పట్టుకొని హోమస్థానమునకు పోవును. ధ్రువ వేదియందే కదలక యుండును. ఇప్పుడు పేర్లను చూడుడు. వేల్చునది జుహువు, ప్రక్కనుండి భరించునది ఉపభృత్తు, కదలనిది ధ్రువ. నాలుగు పేర్లకు నాలుగు పనులు కలవు. ప్రయోగము తెలియనిచో వ్యుత్పత్తి యంతయు నోటిమాటగానే మిగులును.

బ్రాహ్మణములు ఈమూటిని మూడులోకములుగా కీర్తించినవి: జుహువు ద్యులోకము, ఉపభృత్తు అంతరిక్షము, ధ్రువ పృథివి. మఱియు జుహువు యజమానుడు, ఉపభృత్తు శత్రువు. జుహువు భోక్త, ఉపభృత్తు భోజ్యము అని శతపథమందు కలదు. 'హు' ధాతువునకు చెప్పిన అదనార్థము ఇచ్చట మఱల తలయెత్తుచున్నది.

కొమ్ముతో స్రుక్కు చేయుట మనకు విహితముగాదు. అయినను కొమ్ము మనకర్మలకు దూరమైనది కాదు. సోమయాగమున దీక్షితునకు కృష్ణమృగముయొక్క కొమ్మునిత్తురు. శరీరమున దురద పుట్టినచో దానితోనే గోకికొనవలెను. దక్షిణలు కొనిపోబడిన తరువాత దానిని చాత్వాలమను గుంటయందు పడవేయును. శివాభిషేకమున ఆవుకొమ్ముతో ధారపట్టు ఆచారమును కలదు. శిల్పమునకు వచ్చితిమా, విశాఖపట్టణపు పనివారు పదునెనిమిదవశతాబ్దినుండి దంతముతోను కొమ్ముతోను పెట్టెలు సింగారించి పేరు గాంచిరి. పర్లాకిమిడి కొమ్ముపనియు ప్రసిద్ధమే.

అవసానము

ఈస్రుక్కులు పిత్రార్జితములుగా ఏల దొరకవు? దీనికి సమాధానము ఆశ్వలాయనగృహ్యమున కలదు. ఆహితాగ్ని మరణించినపుడు అతని యజ్ఞపాత్రలను అతని శరీరమందే ఉంతురు. కుడిచేత జుహువు, ఎడమచేత ఉపభృత్తు, ఱొమ్మున ధ్రువ, ముక్కుపుటములయొద్ద స్రువములు. ఏచేయి ఏపాత్రను పట్టెనో ఆచేతనే అది దగ్ధమగును. కుమారుడు తిరుగలిఱాళ్లను, రాగి యినుము పాత్రలను, కుమ్మరి చేసిన మట్టిపాత్రలను ఉంచుకొనవచ్చును. కొయ్యగరిటె మాత్రము తండ్రిది తనయునకు రాదు. తనయుడు అగ్న్యాధానము చేసినచో మఱల మోదుగను తెచ్చి, మఱల చెక్కించుకొనవలసినదే.

ఇందుచేత మనకు పాతవి మిగులలేదు. నాగార్జునకొండ శాసనములు ఇక్ష్వాకురాజైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుని అగ్నిహోత్రాగ్నిష్టోమ వాజపేయాశ్వమేధములను కీర్తించుచున్నవి. మాకు సమీపమునగల అద్దంకినుండి పదునాలుగవశతాబ్దమున ఏలిన ప్రోలయవేమారెడ్డి బ్రాహ్మణులకు అగ్రహారములిచ్చి ప్రసిద్ధుడయ్యెను. యాగముల పేర్లు ఱాతిమీద నిలిచినవి; గరిటెలు యజమానులతో పోయినవి. ఇది కాలదోషముగాదు, సంప్రదాయమే యట్లు విధించినది. కోనసీమ అగ్రహారములలో ఆహితాగ్నుల కుటుంబములు ఇరువదవశతాబ్ది చివరివఱకును ఈధర్మమును నడపిన విధమును డేవిడ్ నైప్ అను అమెరికాదేశపు పండితుడు దీర్ఘకాలము పరిశీలించి 2015లో గ్రంథముగా ప్రకటించెను. అచ్చట గరిటె క్రొత్తదైనను విధి పాతదే.

పశ్చిమతీరపు కొమ్ముగరిటెలు

ఇక రెండవకథ. అలాస్కాయొక్క దక్షిణభాగమునుండి కెనడాలోని బ్రిటిష్ కొలంబియావఱకు సముద్రతీరమున ట్లింగిట్, హైడా, సింషియన్, క్వాక్వకవాక్వ మొదలైన జాతులు నివసించుచున్నవి. వీరు కొండమేకకొమ్ముతోను కొండగొఱ్ఱెకొమ్ముతోను గరిటెలు చేయుదురు. కొండమేకకొమ్ము నల్లనిది, చిన్నది, కొనకు వంపు తిరిగినది. అది పిడికి తగును. గొఱ్ఱెకొమ్ము వెడల్పైనది గాన గుంటకు తగును. రెంటిని రాగిచీలలతో కూర్చుటయు కలదు.

కొమ్మనగా ఎముకమీద పెరిగిన తొడుగు. గోరును వెండ్రుకయు ఏపదార్థమో ఇదియు నదియే. కావున వేడినీట ఉడికించినచో మెత్తబడును. మెత్తబడినదానిని కొయ్యయచ్చులో బిగించి చల్లార్చినచో గరిటెగుంట యేర్పడును. మనుస్మృతి పంచమాధ్యాయమున స్రుక్స్రువములకు వేడినీటితో శుద్ధి చెప్పబడినది. మనగరిటెకు శుద్ధినిచ్చు వేడినీరే అచ్చటి గరిటెకు జన్మనిచ్చుచున్నది.

పిడిమీద కాకోలము, ఎలుగు, డేగ, తిమింగిలము మొదలగు రూపములను ఒకదానిపై నొకటి చెక్కుదురు. కన్నులయొద్ద సముద్రపుచిప్పల తళుకుతునకలు పొదుగుటయు కలదు. వారి యిండ్లయెదుట నిలుచు ఎత్తైన కొయ్యస్తంభములను జానెడుకొలతకు తగ్గించినట్లుండును. ఈరూపములు కంటికింపుకొఱకు మాత్రమే చెక్కినవిగావు, వంశచిహ్నములు. హక్కులేనివాడు వానిని ధరింపరాదు. మనగోత్రము తండ్రినిబట్టి వచ్చును. హైడా, ట్లింగిట్ జాతులలో వంశము తల్లినిబట్టి వచ్చును. ఈతీరపు శిల్పపద్ధతిని ఫ్రాంజ్ బోయస్ అను విద్వాంసుడు 1927లో ప్రకటించిన ఆదిమకళాగ్రంథమున విస్తరించి చర్చించెను.

ఈగరిటెలు వెలికివచ్చు సమయము 'పొట్లాచ్' అను మహోత్సవము. పేరిడుట, వివాహము, మృతుల స్మరణము, పదవీస్వీకారము మున్నగునవి అందు జరుగును. గృహస్థు అతిథులకు విందుచేసి ధనమును పంచిపెట్టును. అతిథులు ఆతని హక్కునకు సాక్షులగుదురు. యూలకన్ అను చిన్నచేపలనుండి తీసిన కొవ్వు ఆవిందులలో ఆజ్యమువంటిది. 'పొట్లాచ్' అనుమాట ఆతీరపు నూట్కాభాషనుండి వర్తకులు వాడు మిశ్రభాషలోనికి వచ్చినది, దానియర్థము 'ఇచ్చుట'. దానము, అదనము అని మనధాతుపాఠమున జంటగానున్న అర్థములు, రెండుసముద్రముల కావల ఒక విందుగరిటెయందు జంటగానే కానవచ్చుచున్నవి. భాషలకు సంబంధము కలదని నేననుటలేదు. గరిటె స్వభావమే యట్టిదని యనుచున్నాను. శృంగశబ్దము హింసార్థకమైన ధాతువునుండి పుట్టినదని ఔణాదికుల మతము. ఆకొమ్మే ఇచ్చట అన్నమిచ్చు సాధనమైనది.

కెనడాప్రభుత్వము 1884లో శాసనముచేసి, 1885నుండి పొట్లాచును నేరముగా నెంచినది. ఉన్నదంతయు పంచిపెట్టుట వారికి వెఱ్ఱిగా తోచెను. 1921 డిసెంబరులో విలేజ్ ఐలండ్ అను ద్వీపమున డాన్ క్రాన్మర్ అను క్వాక్వకవాక్వ ప్రముఖుడు గొప్ప పొట్లాచు చేయగా, అధికారులు పలువురిని నేరస్థులుగా నిలిపిరి. ముఖముసుగులు, గిలకలు, రాగిపలకలు మొదలగు ఉత్సవసామగ్రిని అప్పగించిన గ్రామములవారికి చెఱ తప్పునని చెప్పి, ఆసామగ్రిని కొనిపోయిరి. అవి దూరపు వస్తుప్రదర్శనశాలలను చేరినవి. 1951లో నిషేధము తొలగినది. పిమ్మట ఆజాతివారు తమ వస్తువులను అడిగి, కొన్నింటిని తిరిగి సంపాదించి, 1979లో కేప్ మడ్జ్ అనుచోటను, 1980లో అలర్ట్ బే అనుచోటను తామే ప్రదర్శనశాలలు స్థాపించిరి. అలర్ట్ బే సంస్థకు 'ఉమిస్త' అని పేరు. పూర్వము శత్రువులు చెఱపట్టిన మనుష్యులు ఇల్లు చేరుటను వారు ఆమాటతో చెప్పెడివారు. వస్తువుల రాకకు ఆపేరే పెట్టిరనగా, ఆవస్తువులు వారికెట్టివో వేఱుగా చెప్పనక్కఱలేదు.

పేరు ఎంతవఱకు నిలుచును?

ఇప్పుడు మొదటిప్రశ్నకు వత్తము. బాలుని ప్రశ్నకు ఉత్తరమియ్యగోరి నేను మావడ్రంగిచేత ఒక స్రుక్కును, ఒక స్రువమును చేయించితిని. వేపకొయ్య చాలుననుకొంటిని. వృద్ధుడొకరు చూచి, 'యజమానుడు లేడు, అగ్ని లేదు, కొయ్యయు విహితముగాదు. దీనిని జుహువని పిల్లలకు చెప్పుట అపచారముగాదా?' అని ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. నేను సమాధానమును శాస్త్రముననే వెదకితిని.

పతంజలి సంప్రసారణసంజ్ఞావిచారమున ఒక దృష్టాంతము చెప్పెను. ఒకడు సాలెవానితో ఈనూలుతో చీర నేయుమనును. చీరయైనచో నేయనక్కఱలేదు, నేయవలసినదైనచో అది చీర కాదు. కాగా నేసినపిమ్మట దేనికి చీరయని పేరు వచ్చునో దానిని నేయుమని తాత్పర్యము. ఇది భావినీసంజ్ఞ. ప్రత్తి పండు మాప్రాంతమువారికి ఈదృష్టాంతమును విప్పిచెప్ప పనిలేదు. వడ్రంగిచేతనున్న మోదుగకొయ్యను జుహువనుట ఇట్టిదే. హోమవేళ ఆపేరు సాంప్రతికము. ప్రస్తుతార్థము కుదరనిచోట పూర్వమున్న స్థితినిబట్టి వ్యవహరించుట భూతపూర్వగతి. ప్రదర్శనశాలలో అద్దమువెనుకనున్న కొమ్ముగరిటె ఈగతినే గరిటె. దానితో ఎవరును ఇయ్యరు, ఎవరును తినరు.

మనజుహువునకు భూతపూర్వస్థితి లేకుండ సంప్రదాయము చూచుకొన్నది. కర్తతోడనే కరణమును పంపివేసినది. ఆతీరమువారు కరణమును వంశమునకు నిలుపుకొనిరి. అందుచేత దానిని పరులు కొనిపోగలిగిరి, మఱల వారు తెచ్చుకొనగలిగిరి. రెండుమార్గములకును మూలమొక్కటియే: ఉపకరణము కర్మముకొఱకైనది. కర్మముతో సంబంధము తెగినచో మిగులునది శిల్పము. ఇల్లు చేరి మఱల విందుహక్కులతో కూడినది మాత్రము భూతపూర్వమునుండి సాంప్రతికమునకు వచ్చును. ఇట్టిది శాస్త్రమున అరుదు, లోకమున జరిగినది.

మఱి నావేపగరిటెయో? దీనికి పాణినియే దారి యిచ్చెను. పోలికగా చేసిన ప్రతికృతియందు కన్‌ప్రత్యయము వచ్చును, గుఱ్ఱపుబొమ్మ అశ్వకము. ఆరీతిని జుహువుయొక్క ప్రతికృతి, కకారము పరమగుటచే హ్రస్వము రాగా, 'జుహుక' యగును. జీవికకై యున్నను అమ్మకమునకు గాని ప్రతిమలకు ఆప్రత్యయము లోపించుననియు ఆయన చెప్పెను, అమ్మకపువానికి లోపింపదు. హైడాశిల్పులు పందొమ్మిదవశతాబ్ది తొలిభాగమునుండి నావికులకు అమ్ముటకై నల్లని మెత్తఱాతితో బొమ్మలు చెక్కిరి. విందుకొఱకైన గరిటెకును, విపణికొఱకైన బొమ్మకును భేదమును గుర్తింపవలెనని చెప్పుటకు, రెండువేల యేండ్లకు మునుపే ఒక సూత్రము మనకున్నది.

వృద్ధులకీ సమాధానము నచ్చినది. 'జుహుక యని చెప్పుము, ఆకకారమును మాత్రము మఱువకుము' అనిరి. అప్పటినుండి ఆరెండు వేపగరిటెలును మాపాఠశాలగోడకు వ్రేలాడుచున్నవి. బ్రహ్మవర్గము వచ్చినపుడు వానిని దింపి పిల్లలచేతికిత్తును. గుంట యేది, హంసముఖమేది, మొదలేవైపు, కొనయేవైపు అని వారే చూపుదురు. కడపట, నిజమైన జుహువు ఇట్లు గోడకు వ్రేలాడదని, అది యజమానుని కుడిచేతనే యుండి ఆతనితోడనే పోవునని చెప్పుదును. అంతటితో నాలుగు పేర్లకు నాలుగర్థములు వారికి పట్టుబడుచున్నవి. పాఠశాలలయందలి పండితులు తమతమ ఊళ్ల వడ్రంగులచేత ఇట్టి ప్రతికృతులు చేయించి చూపుట మేలని నామనవి. కొయ్యకు వెల కొంచెమే, నేర్చుకొనుట యిరుప్రక్కలను జరుగును.